పికప్పుకి లారీ అద్దాలు: వెనక ట్రైలర్ కట్టుకుని సుంకి ఘాటీ ఎక్కేవాళ్ల కోసం

సాలూరు దాటి, ఒడిశాలోకి ఎక్కే కొండదారి సుంకి ఘాటీ ఎక్కి పొట్టంగి, సెమిలిగుడ, కోరాపుట్, జయపురం వైపు పికప్పు నడిపే మనవాళ్లలో చాలామంది బండి వెనక ఏదో ఒకటి తగిలించుకునే వెళ్తుంటారు. శ్లాబు పనులప్పుడు కాంక్రీటు మిల్లరు, పెళ్లిళ్ల రోజుల్లో జనరేటరు, మిగతా రోజుల్లో టెంటు సామాన్ల ట్రైలరు. కంపెనీ ఇచ్చిన సైడ్ అద్దాలు బండికి సరిపోతాయి. వెనక కట్టినదాని టైరు మాత్రం వాటిలో కంటికి ఆనదు. క్లీనరు కిటికీలోంచి తల బయటపెట్టి "రానీ, రానీ, ఆగు" అని అరవాల్సిందే.

అమెరికాలో ఈ అవసరం ఎప్పట్నుంచో ఉంది. ఫోర్డ్ ఎఫ్-150, షెవ్రొలే సిల్వరాడో లాంటి పికప్పుల వెనక పడవలు, గుర్రాల ట్రైలర్లు కట్టుకుని తిరగడం అక్కడ మామూలు. అందుకే టోయింగ్ అద్దాలని కంపెనీయే అమ్ముతుంది. వాటి చెయ్యి, అంటే అద్దాన్ని డోరుకి పట్టి ఉంచే కడ్డీ, పట్టి లాగితే బయటికి సాగుతుంది. పైన చదును అద్దం, కింద చిన్న ఉబ్బెత్తు అద్దం ఉంటాయి. ట్రైలర్ లేనప్పుడు లోపలికి నెట్టేసుకోవచ్చు. మన బొలేరో పికప్పుకో, యోధాకో, దోస్త్‌కో అదే పని లారీ స్పేర్ పార్టుల కొట్లో దొరికే సామానుతో చేసుకోవాలి. పానా పట్టడం వచ్చినవాళ్లకి ఒక పూట పని. పనికంటే ముందు చేసే కొలతే ముఖ్యం. దాన్ని వదిలేసి కొట్టుకి వెళ్లి ఉన్నవాటిలో అన్నిటికంటే పెద్దది పట్టుకొచ్చేవాళ్లే ఎక్కువ.

మొదట తాడు కట్టి చూడండి

చదునైన చోట బండినీ ట్రైలర్‌నీ ఒకే వరసలో నిలబెట్టండి. ఘాటీ కింద సాలూరు వైపు గానీ, పైన సెమిలిగుడ దగ్గర గానీ లారీలు ఆగే జాగాలు చాలానే ఉన్నాయి. ట్రైలర్‌లో అన్నిటికంటే బయటికి పొడుచుకొచ్చింది ఏదో చూడండి. మిల్లరుకైతే చాలాసార్లు అది టైరు హబ్బో మడ్‌గార్డో అవుతుంది, పైన తిరిగే డ్రమ్ము కాదు. అక్కడొక కర్ర నిలువుగా ఆనించి, దానికి అద్దం ఎత్తులో పురికొస కట్టి ముందుకి లాగండి. పురికొస బండి ముందు చక్రానికీ వెనక చక్రానికీ ఇంచుమించు సమాన దూరంలో ఉండాలి. అప్పుడే అది బండికి సమాంతరంగా ఉన్నట్టు లెక్క. క్లీనర్ని దాని కొస డోరు ముందు పట్టుకుని నిలబడమనండి.

ఇప్పుడు ఆ పురికొస మీ అద్దం మీద ఎక్కడ పడిందో చూడండి. దానికి బయట ఉన్న గాజు ముక్క ఒక్కటే ట్రైలర్ అంచు వెంబడి తిన్నగా వెనక్కి చూపించగలదు. లోపల ఉన్న గాజు ట్రైలర్ ముందు భాగాన్ని చూపిస్తుంది, లేదా ఓరగా పక్క రోడ్డుని చూపిస్తుంది. దాన్ని ఎంత తిప్పినా, ఎంత పెద్దది చేసినా ట్రైలర్ వెనక ఉన్న మోటార్‌సైకిల్ కనపడదు. చాలా పికప్పుల్లో పురికొస అసలు అద్దాన్ని తాకకుండా బయట నుంచే పోతుంది. అంటే గాజు మొత్తం లోపలే ఉంది. అలాంటి బండికి ఎత్తు పెరిగే అద్దం కొన్నా లాభం లేదు, చెయ్యి పొడవు పెరగాలి.

అద్దం లోపలి అంచు నుంచి పురికొస దాకా ఎన్ని అంగుళాలుందో టేపుతో కొలిచి రాసుకోండి. కొత్త చెయ్యి కనీసం అంత ఎక్కువ పొడవుండాలి. నా లెక్కలో గాజు మొత్తం పురికొసకి బయటికి వస్తే మంచిది, సగం వస్తే ఫరవాలేదు, అంతకి తగ్గితే డబ్బు దండగ. రెండు పక్కలా విడివిడిగా కొలవండి. ట్రైలర్ హుక్కు మధ్యలో వెల్డింగ్ చేశామని ప్రతివాళ్లూ అంటారు గానీ, కొలిస్తే ఒక పక్కకి రెండంగుళాలు జరిగినవే ఎక్కువ.

ట్రైలర్ లేకుండా తొట్టిలోంచి బయటికి వేలాడే సరుకు కోసం పెద్ద అద్దాలు పెట్టుకుందామనుకునేవాళ్లకి ఒక మాట. బండి పక్కల దాటి సరుకు బయటికి వస్తే మోటారు వాహనాల చట్టం 194వ సెక్షన్ కింద 20,000 రూపాయల జరిమానా ఉంది, 2019 సవరణలో వచ్చింది. దానికితోడు అక్కడికక్కడే దింపించే ఖర్చూ మీదే. వెదురు బొంగులు ఓరగా పేర్చి, అద్దం పెద్దదుంది కదా అని చెబితే పోలీసు ఊరుకోడు.

అద్దాల సంగతికొస్తే, బండి వెడల్పు కొలిచేటప్పుడు వెనక చూసే అద్దాన్ని లెక్కలోకి తీసుకోకూడదని 1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 93వది చెబుతుంది. కాబట్టి అద్దం బయటికి రావడం వల్ల బండి వెడల్పు పెరిగినట్టు కాదు. అలాగని చెయ్యి రెండడుగులు పెంచుకోమని కాదు, ఎందుకో చివర్లో చెబుతాను.

కొట్లో చూడాల్సినవి

సాలూరు లారీల ఊరు. లారీ బాడీలు కట్టే షెడ్లూ స్పేర్ పార్టుల కొట్లూ అక్కడ ఉన్నాయి కాబట్టి కొండమీది వాళ్లు కూడా అక్కడికి దిగి కొనడమే తెలివైన పని. కోరాపుట్, జయపురంలోనూ దొరుకుతాయి. పాత అద్దాన్ని విప్పి చేత్తో పట్టుకెళ్లండి. బోల్టుల మధ్య దూరం, గొట్టం మందం నోటితో చెప్పి తెచ్చుకున్నది ఇంటికొచ్చాక కుదరదు.

చదును గాజా, ఉబ్బెత్తు గాజా అన్నది మొదటి ప్రశ్న. చదును గాజులో దూరం నిజంగా ఎంతో అంతే కనిపిస్తుంది, కానీ కనపడే జాగా తక్కువ. ఉబ్బెత్తు గాజులో జాగా ఎక్కువ, కానీ వెనకొచ్చే లారీ ఉన్నదానికంటే చిన్నగా, దూరంగా కనిపిస్తుంది. డ్రైవరు పక్క, అంటే మనకి కుడివైపు, ఓవర్‌టేక్ చేసేది ఆ వైపే కాబట్టి పైన చదును గాజు, కింద చిన్న ఉబ్బెత్తు గాజు ఉన్నది తీసుకోండి. ఎడమ పక్కకి ఉబ్బెత్తు గాజే మేలు. మనిషికి దూరంగా ఉన్న అద్దంలో చదును గాజు పెడితే కిటికీ సందంత రోడ్డే కనపడుతుంది. ఒక్క అద్దంలోనే రెండు గాజులు దొరక్కపోతే, అంటించుకునే చిన్న గుండ్రటి అద్దం కొని పెద్దదాని కింది బయటి మూలకి పెట్టుకోవచ్చు. లోపలి మూలకి అంటిస్తే దాన్నిండా మీ తొట్టే కనిపిస్తుంది.

గాజు బాగుందో లేదో తెలుసుకోవడానికి కొట్టు బయటికి తీసుకొచ్చి కరెంటు స్తంభాన్ని అందులో చూడండి. అద్దాన్ని మెల్లగా పక్కకి జరపండి. స్తంభం నీళ్లలో నీడలా వంకర్లు తిరిగితే ఆ గాజు వద్దు, రాత్రిపూట రెండు లైట్లు మూడుగా కనిపిస్తాయి. తర్వాత అద్దం తలని వేళ్లతో తిప్పండి. సులువుగా తిరిగితే ఘాటీ మొదటి గుంతలోనే అది నేల చూపులు చూస్తుంది. రెండు చేతులతో కాస్త బలం పెడితే గానీ కదలకూడదు. డొప్ప పట్టుకుని ఊపితే లోపల టకటకమన్నా వద్దు.

చెయ్యి ఇనప గొట్టమైతే మందం చూడండి. పల్చటి గొట్టానికి నల్ల రంగేసి అమ్మేవి ఉన్నాయి, చివర టోపీ తీస్తే గోడ మందం కనిపిస్తుంది. చెయ్యి మొదట్లో మడత బందు ఉందా లేదా అన్నది అంతకంటే ముఖ్యం. దేనికైనా తగిలితే వెనక్కి మడుచుకోవాలి. మడత లేని చెయ్యి తగిలినప్పుడు డోరు రేకుని చించుకుని పోతుంది, తగిలింది మనిషికైతే ఇంకా ఘోరం. గాజు మీదో డొప్ప వెనకో అచ్చుపోసిన ఆమోద గుర్తు కూడా చూడండి. మన దేశంలో వెనక చూసే అద్దాలకి ఏఐఎస్-001, వాటి అమరికకి ఏఐఎస్-002 అనే ప్రమాణాలున్నాయి. గుర్తు ఉన్నది తీసుకుంటే ఫిట్‌నెస్ దగ్గర మాట పడనక్కర్లేదు.

బ్రాకెట్టుతో పాటు ఇవీ తెచ్చుకోండి: స్ప్రింగ్ వాషర్లు, నైలాన్ నట్లు, కాస్త రెడ్ ఆక్సైడు (తుప్పు పట్టకుండా పూసే రంగు), సిలికాన్ ట్యూబు. రబ్బరు వాషర్లకి పాత లారీ ట్యూబు ముక్క చాలు.

పాతది విప్పడం

బండ్లలో సైడ్ అద్దం మూడు రకాలుగా బిగిస్తారు. డోరు ముందు మూలనున్న త్రికోణం ముక్కకి లోపలి నుంచి నట్లు, లేదా డోరు రేకు మీద పైనుంచి బోల్టులు, లేదా గొట్టం చెయ్యికి క్లాంపు. క్లాంపు రకమైతే పది నిమిషాల పని, ఈ భాగం దాటేయొచ్చు.

త్రికోణం రకమైతే లోపలి ప్లాస్టిక్ మూత క్లిప్పుల మీద ఉంటుంది. స్క్రూడ్రైవరుతో పొడవకుండా పాత ఏటీఎం కార్డు లాంటిది సందులో దూర్చి తీస్తే మూత పగలదు. వెనక నట్లు కనిపిస్తాయి. పానా పెట్టేముందు డోరు లోపలి సందులో గుడ్డ కుక్కండి. నట్టు జారి డోరులో పడిందంటే ప్యాడ్, అంటే డోరుకి లోపలివైపు వేసిన అట్ట, మొత్తం విప్పాలి. నట్లు వదులు చేసేటప్పుడు బయట అద్దాన్ని ఇంకొకరు పట్టుకోవాలి, చివరి నట్టు రాగానే అది కింద పడుతుంది.

డోరు రేకు మీద బోల్టులుంటే ప్యాడ్ విప్పక తప్పదు, ఎందుకంటే కొత్త చెయ్యి బరువుకి రేకు వెనక బలం పెట్టాలి. హ్యాండిల్ గిన్నెలోనూ, చెయ్యి ఆనించే చోటా స్క్రూలుంటాయి, అవి తీయండి. కిటికీ గాజు తిప్పే హ్యాండిలే అందరినీ ఏడిపిస్తుంది. చాలా బండ్లలో దాన్ని వెనక నుంచి ఒక చిన్న తీగ క్లిప్పు పట్టి ఉంచుతుంది, స్క్రూ ఉండదు. పాత లుంగీ పీలిక ఒకటి చింపి హ్యాండిలుకీ ప్యాడుకీ మధ్య వెనక నుంచి దూర్చండి. రెండు కొసలూ రెండు చేతులతో పట్టుకుని, బూటు పాలిష్ చేసినట్టు అటూ ఇటూ లాగుతూ పైకి తేండి. గుడ్డ పోగులకి క్లిప్పు కొస తగులుకుని టప్పుమని ఎగురుతుంది. ఎక్కడ పడిందో చూసుకోండి, రెండో చెయ్యి హ్యాండిలు మీద అడ్డం పెట్టుకుంటే ఇంకా నయం. మళ్లీ పెట్టేటప్పుడు క్లిప్పుని ముందే హ్యాండిలుకి తొడిగి, అరచేత్తో ఒక్కటిస్తే కూర్చుంటుంది.

ప్యాడు వెనక అతికించిన పల్చటి ప్లాస్టిక్ కాగితం ఉంటుంది. అడ్డమని చించి పారేయకండి. కిటికీ సందులోంచి దిగే వాన నీరు ప్యాడు మీదికి రాకుండా కిందికి పంపేది అదే. కోరాపుట్ వర్షాలకి అది లేని డోరు ఒక్క సీజన్లో కుళ్లిపోతుంది. బ్లేడుతో మెల్లగా ఒక మూల లేపి పక్కకి మడవండి. పని అయ్యాక అదే జిగురు మీద నొక్కండి, పట్టకపోతే సిలికాన్ చుక్కలు పెట్టండి.

కొత్తది బిగించడం

పాత రంధ్రాలకి కొత్త చెయ్యి కుదిరితే అదృష్టమే. కుదరకపోతే పాత రంధ్రాలకీ కొత్త చెయ్యికీ మధ్య ఒక ఇనప పట్టీ చేయించుకోండి. మూడు మిల్లీమీటర్ల పట్టీకి తగ్గొద్దు. లేతు షాపులో రంధ్రాలు కొట్టించి, అంచులు గీకించి, రెడ్ ఆక్సైడు వేసి ఆరనివ్వండి. డోరుకి నేరుగా వెల్డింగ్ పెడతామంటే వద్దనండి. లోపలి వైపు రంగు కాలి అక్కణ్నుంచే తుప్పు మొదలవుతుంది, పక్కన అద్దం పట్టాలూ రబ్బర్లూ మాడతాయి. కిటికీ ముందుండే నిలువు స్తంభానికి రంధ్రాలు కొట్టడం అసలే వద్దు. బండి బోల్తా పడితే కప్పుని మోసేది అదే.

డోరు రేకుకి కొత్త రంధ్రాలు తప్పకపోతే ఇలా చేయండి. ముందు అద్దం చెయ్యిని చేత్తో పట్టి ఉంచి డోరు మొత్తం తెరవండి. చెయ్యి ముందు ఫెండరుకి గానీ బానెట్ అంచుకి గానీ తగులుతోందా చూడండి. తగిలితే రెండంగుళాలు వెనక్కి జరపండి. డోరు మూసి సీట్లో కూర్చుని, ఆ చోట అద్దం తిప్పితే కిటికీ గాజులోంచే కనిపిస్తోందా, ముందు అద్దం స్తంభం అడ్డొస్తోందా అని చూడండి. రెండూ కుదిరాకే గుర్తు పెట్టండి. గుర్తు మీద మాస్కింగ్ టేపు అంటించి, మేకుతో చిన్న దెబ్బ కొట్టి, ఆ గుంటలో డ్రిల్లు పెట్టండి. టేపు ఉంటే డ్రిల్లు జారి రంగు గీరుకోదు. కిటికీ గాజు పైకి ఎత్తి ఉంచాలి, లేకపోతే డ్రిల్లు ముల్లు నేరుగా గాజులోకే దిగుతుంది. రంధ్రం అంచులకి వెంటనే రెడ్ ఆక్సైడు పూయండి. ఆ ఇనప రజను డోరు అడుగున మిగలకుండా ఊడ్చేయండి, తుప్పు మొదలయ్యేది దానివల్లే.

రేకు లోపలి వైపు అరచేయంత ఇనప పట్టీ ఒకటి పెట్టి, బోల్టులు దాన్లోంచి రావాలి. ఉత్త వాషర్లతో బిగిస్తే గుంతల్లో చెయ్యి ఊగి ఊగి రేకు చుట్టూ వెంట్రుకంత పగుళ్లు వస్తాయి. బయట వైపు చెయ్యికీ రంగుకీ మధ్య ట్యూబు రబ్బరు, రంధ్రం చుట్టూ సిలికాన్. బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి, తర్వాత ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించండి. ఒకదాన్నే మొదట బిర్రుగా లాగేస్తే రేకు నొక్కుకుపోతుంది. ప్యాడు పెట్టేముందు కిటికీ గాజుని కిందికీ పైకీ పూర్తిగా తిప్పి, బోల్టు కొసలకి ఎక్కడా తగలట్లేదని నిర్ధారించుకోండి.

ఇక ఊగడం. చెయ్యి పొడుగయ్యే కొద్దీ అద్దం వణుకుతుంది. ఘాటీలో రెండో గేరులో ఇంజను గుంజుతున్నప్పుడు ఒకానొక వేగం దగ్గర అద్దంలో బొమ్మంతా మసకైపోతుంది, కాలు కాస్త తీస్తే మళ్లీ తేటపడుతుంది. చాలామంది అద్దం తల బోల్టుని ఇంకా బిగిస్తారు. వణుకు పుట్టేది అక్కడ కాదు, ఒకే చోట పట్టున్న పొడుగు చెయ్యిలో. పెద్ద లారీల అద్దాలకి చూడండి, పైనొక చెయ్యి, కిందొక చెయ్యి ఉంటాయి. మీరూ అద్దం అడుగు నుంచి డోరు కింది భాగానికి ఒక సన్నటి ఊత కడ్డీ ఇవ్వండి. కాకపోతే ఆ కడ్డీకి కూడా మడత బందు ఉండాలి, లేకపోతే పై చెయ్యికున్న మడత పనిచేయదు. ఇంకో ఊత పెట్టడానికి వీల్లేకపోతే చెయ్యి రెండంగుళాలు తగ్గించుకోండి. కనపడే జాగా కొంచెం పోయినా కనపడినంత స్పష్టంగా ఉంటుంది.

కరెంటు అద్దాలున్న బండ్లకి

ఇసుజు డీ-మ్యాక్స్ వీ-క్రాస్, టొయోటా హైలక్స్ లాంటివాటిలో అద్దం మోటారుతో తిరుగుతుంది. పని మొదలుపెట్టేముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. అద్దం నుంచి వచ్చే వైర్ల ప్లగ్గుని గుర్తుపట్టి, తాళం నొక్కి విప్పండి, వైర్లు పట్టి లాగకండి. బయటి మార్కెట్లో దొరికే టోయింగ్ అద్దం ప్లగ్గు కుదరకపోతే బండి వైర్లు కోయొద్దు. కుదిరే ప్లగ్గుతో మధ్యలో చిన్న జోడింపు వైరు కట్టించుకోండి, రేపు పాత అద్దం తిరిగి పెట్టాలంటే అదే కాపాడుతుంది. అద్దంలో ఇండికేటరు గానీ వేడి చేసే తీగ గానీ ఉంటే వాటికి విడి ఫ్యూజు ఇవ్వండి. డోరుకీ బాడీకీ మధ్య ఉండే రబ్బరు గొట్టంలోంచే వైరు పంపండి. బయటి నుంచి సందులో దూర్చిన వైరు డోరు వేసి తీసే కొద్దీ నలిగి తెగుతుంది.

ఈ బండ్లకి నా ఓటు మాత్రం వేరే. ట్రైలర్ అప్పుడప్పుడే కడతారు కాబట్టి, ఉన్న అద్దానికి పట్టీలతో తగిలించే అదనపు అద్దం చాలు. దాని పట్టీ పళ్లు రబ్బరువో కాదో చూసి కొనండి, సన్నటి తాడుతో ఇంకో కట్టు కూడా వేయండి. పని అయ్యాక విప్పేసి సీటు వెనక పడేస్తే సరి.

తిప్పి సరిచేయడం

ఖాళీ బండి మీద అద్దం సరిచేయడం వృథా. సరుకు వేసి, ట్రైలర్ కట్టి, టైర్లలో గాలి చూసుకున్నాక చేయండి. వెనక బరువు పడితే బండి ముక్కు లేస్తుంది, అద్దంలో దూరం రోడ్డు పోయి దగ్గరి నేలే కనిపిస్తుంది. సీటు మీరు రోజూ నడిపే చోటే ఉండాలి. ఇద్దరు డ్రైవర్లు మార్చుకునే బండైతే పొడుగాయన సరిచేసినది పొట్టాయనకి పనికిరాదు.

పెద్ద గాజులో లోపలి అంచున మీ ట్రైలర్ పక్క సన్నగా, వేలంత మాత్రమే కనపడాలి. నేలా ఆకాశం కలిసే గీత గాజులో సగానికి పైన ఉండాలి. కింది చిన్న గాజులో ట్రైలర్ టైరు నేలని తాకే చోటు కనపడాలి, ఘాటీలో మీకు కావలసింది అదే.

ఇప్పుడు సుద్దముక్క తీసుకోండి. చిన్న సరుకు బండ్ల సైడ్ అద్దాలకి ఐక్యరాజ్యసమితి 46వ వాహన నిబంధనలో ఒక కొలత ఉంది. డ్రైవరు కంటికి 4 మీటర్ల వెనక నుంచి బండి పక్కన కనీసం 1 మీటరు వెడల్పు నేల కనపడాలి, 20 మీటర్ల వెనక నుంచి 4 మీటర్ల వెడల్పు కనపడాలి. ఆ దూరాలు మీ సీటు నుంచి టేపుతో కొలిచి నేల మీద గీతలు గీయండి, ట్రైలర్ పక్కనుంచి బయటికి వెడల్పు గుర్తు పెట్టండి. సీట్లో కూర్చుని గీతల కొసలు రెండూ కనిపిస్తున్నాయా చూడండి. దగ్గరి గీత కింది గాజులో, దూరం గీత పై గాజులో వస్తే చాలు. ఇది ట్రైలర్ కోసం రాసిన కొలత కాదు గానీ, ట్రైలర్ కట్టిన బండికి కూడా ఇంత కనిపిస్తే మీ అద్దం పనికొచ్చినట్టే.

తర్వాత క్లీనర్ని ట్రైలర్ వెనక నుంచి డోరు దాకా మెల్లగా నడిచి రమ్మనండి, మొదట ట్రైలర్‌ని ఆనుకుని, రెండోసారి ఒక బారెడు దూరంలో. ఎక్కడ మాయమై ఎక్కడ తేలాడో చూడండి. మనిషి మొత్తం మాయమయ్యే చోటు ఎక్కడో ఒకచోట మిగులుతుంది, చిన్న గుండ్రటి అద్దాన్ని దాని మీదికి తిప్పండి. ట్రైలర్‌కి సరిగ్గా వెనక ఉన్నది మాత్రం ఏ సైడ్ అద్దంలోనూ కనపడదు. రివర్సు చేసేటప్పుడు క్లీనరు దిగాల్సిందే. దిగి మీకు అద్దంలో కనపడే చోట నిలబడాలి తప్ప, ట్రైలర్ వెనక నిలబడి అరవకూడదు.

రాత్రిపూట ఒకసారి, వెనక లారీ లైట్లు పడుతుండగా కూడా చూసుకోండి. కళ్లు చెదిరితే అద్దాన్ని వెంట్రుకవాసి కిందికి దించితే సరిపోతుంది.

ఘాటీలోనూ సంతలోనూ

పెద్ద అద్దం పెట్టాక కొత్తగా అలవాటు చేసుకోవాల్సిన సంగతి మలుపులది. ట్రైలర్ చక్రం ఎప్పుడూ బండి చక్రం కంటే మలుపు లోపలికి కోసుకుంటూ వస్తుంది. ఎడమ మలుపులో ఎడమ అద్దం కింది గాజులో చూడండి, ట్రైలర్ టైరుకీ రోడ్డు పక్క కాలువకీ మధ్య ఎంత జాగా మిగిలిందో అక్కడ తెలుస్తుంది. కుడి మలుపులో కుడి అద్దం చూడాలి, ఎదురొచ్చే లారీ వైపుకి ట్రైలర్ ఎంత జరిగిందో చెబుతుంది. మలుపులో ఉన్నంతసేపూ బయటివైపు అద్దంలో ట్రైలర్ కనపడదు, కొండో లోయో కనిపిస్తుంది. దాన్ని చూసి కంగారుపడి అప్పుడు అద్దం తిప్పుకోకండి, బండి తిన్నగా అయ్యాక అదే సర్దుకుంటుంది.

పొట్టంగి పైన 1,672 మీటర్ల దేవమాలి ఉంది, ఒడిశాలో అంతకంటే ఎత్తైన కొండ లేదు. చలికాలం తెల్లవారుజామున ఆ చుట్టుపక్కల మంచుకి అద్దం చెమర్చి ఏమీ కనపడదు. తుడవడానికి పొడి నూలుగుడ్డ ఒకటి డోరు జేబులో పెట్టుకోండి. ఇంజను నూనె తుడిచిన గుడ్డ దాని దగ్గరికి రానివ్వకండి, మరక పట్టిందంటే ఎదురు లైటు పడ్డప్పుడల్లా కళ్లలో గుచ్చుకుంటుంది.

చెయ్యి పొడుగు మితంగా ఉండాలన్నది అక్కణ్నుంచి కిందికి, కుందులి లాంటి సంతలోకి దిగినప్పుడు తెలుస్తుంది. రోడ్డుకి రెండు పక్కలా కావిళ్లు, తలమీద గంపలు, మధ్యలో మీ బండి. కొత్త అద్దం కొస సరిగ్గా నడిచే మనిషి తల ఎత్తులో, మీ అలవాటుకి మించి బయటికి ఉంది. సంత మొదట్లోనే రెండు అద్దాలూ మడిచేసి, క్లీనర్ని ముందు నడిపించండి. ట్రైలర్ కట్టని రోజున చెయ్యి లోపలికి తోసేయండి, తోసే వీలు లేనిదైతే విప్పి పాత అద్దం మళ్లీ పెట్టుకోండి. ఇందుకోసమే పాత అద్దాలని తుక్కువాడికి వేయొద్దు. సరుకు బండికి ఎనిమిదేళ్ల దాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్‌కి వెళ్లాలి కదా, అప్పుడు కూడా కంపెనీ అద్దాలు చేతిలో ఉంటే ఎవరేమన్నా అక్కడే మార్చి చూపించొచ్చు.

మొదటిసారి ఘాటీ ఎక్కి దిగాక బోల్టులన్నీ మళ్లీ ఒకసారి పానా పెట్టి చూడండి. రబ్బరు నొక్కుకుని ఒక పావు తిప్పు వదులవుతుంది. నట్టు మీద నుంచి రేకు మీదికి రంగుతో ఒక గీత గీసిపెట్టుకుంటే, తర్వాత పానా అవసరం కూడా లేదు. గీత విడిపోయిందంటే నట్టు తిరిగినట్టే.